ట్రైన్‌లో పట్టే విమానం

"...ట్రైన్ తలుపులు మూసుకునేటప్పుడు ఆ రెక్క బయటే ఉండిపోతే ఏం చేస్తారు? చెప్పండి. టాంపినీస్‌లో మన ఇంటిదాకా పక్కన పరిగెత్తుకుంటూ వస్తారా?"

"నెమ్మదిగా, హైమా. షాపతను చూస్తున్నాడు."

"చూడనివ్వండి. అతనికి తెలుగొచ్చా ఏంటి?"

షాపతనికి రాదు. కానీ అద్దాల బీరువా దగ్గర బ్యాటరీలు చూసుకుంటున్న ముసలాయనకి వచ్చు. ఆయన తలెత్తి నవ్వాడు. హైమావతి నాలిక కరుచుకుంది.

కేశవరావు చేతిలో ఉన్నది రిమోట్‌తో ఎగిరే బొమ్మ విమానం. పొడుగాటి రెక్క, ఒకటే ముక్క. నారింజ రంగు, అడుగున నల్లటి పట్టీలు. అతని భార్య చూపిస్తున్నది అందులో సగం కూడా లేదు. పెట్టెతో సహా సంచీలో పడుతుంది. ఏది కొన్నా సరే, తొందరగా కొంటే చాలునని కూతురు నందిత కౌంటరు మీద మోచేతులానించి నిలబడింది.

"స్మాల్ వన్ ఆల్సో కెన్ ఫ్లై లా, డాడీ. జస్ట్ టేక్," అంది, బళ్ళో పట్టుబడిన సింగపూర్ ఇంగ్లీషులో, మాట చివర "లా" తగిలిస్తూ.

"చిన్నది దూరం పోతే కనపడదమ్మా," అన్నాడు కేశవరావు.

ఆ మాట ఎవరి విషయంలోనైనా నిజమే. అందుకే పైకి అనగలిగాడు. అనలేనిది ఏమిటంటే, అతని ఎడమకంటికి చిన్నదీ పెద్దదీ ఏదీ ఆనడం లేదు. కుడికంట్లో నల్లటి నూలుపోగులు తేలడం మొదలైంది. ఈ సంగతి సింగపూర్‌లో ఎవరికీ తెలియదు. హైమావతికి కూడా తెలియదు.

కేశవరావుది కాకినాడ. పాలిటెక్నిక్‌లో ఉండగా ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో చేరి, తేలికపాటి కర్రతో గ్లైడర్లు చేసి పెరేడ్ గ్రౌండ్‌లో ఎగరేసేవాడు. తర్వాత ఆ చేతులు కీబోర్డు మీదికి వెళ్ళాయి. హైదరాబాద్‌లో కొన్నాళ్ళు పాత బ్యాంకు ప్రోగ్రాములు రాశాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న గాభరాలో సింగపూర్ ఏజెన్సీ ఒకటి అతన్ని కాంట్రాక్టు మీద తీసుకొచ్చింది. ఆ సంవత్సరం వచ్చింది, ఏమీ ఆగలేదు. పని పోతుందనుకుంటే ఇంకా పెరిగింది. ప్రతి బ్యాంకూ ఇంటర్నెట్‌లోకి దూకుతోంది. శనివారాలు కూడా ఆఫీసే అయింది.

కాంట్రాక్టు మీద వచ్చిన తెలుగువాళ్ళకి అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. జలుబూ జ్వరం అయితే బ్లాకు కింద క్లినిక్కి వెళ్ళేవాళ్ళు. అంతకు మించినది ఏదొచ్చినా, పన్నయినా కన్నయినా గుండెదడయినా, సెలవు దొరికేదాకా దాచుకుని ఇండియాకి మోసుకుపోయేవాళ్ళు. కంపెనీ ఇన్సూరెన్సు వాడితే ఏజెన్సీకి తెలుస్తుందనీ, ఏజెన్సీకి తెలిస్తే రెన్యూవల్ ఆగుతుందనీ నమ్మకం. శ్రీనాథ్ అనే కుర్రాడు నడుంనొప్పితో ఆసుపత్రిలో చేరాడు, ఆ నెలలోనే అతని కాంట్రాక్టు ముగిసింది. అసలు ఆ ప్రాజెక్టే మూతపడిందని తెలిసినవాళ్ళు కూడా అతని నడుం గురించే చెప్పుకున్నారు. కాంట్రాక్టు పోతే ఇక్కడ ఉండనిచ్చే పాస్ పోతుంది. పాస్ పోతే నందిత బడీ, అద్దె ఫ్లాటూ ఏవీ నిలవవు.

కేశవరావు కూడా ఎడమకంటి మసకని జూన్ సెలవులదాకా మోశాడు. కాకినాడ డాక్టరు చుక్కలు వేసి, లైటు పెట్టి చాలాసేపు చూసి, షుగరు రెటీనాని పట్టేసిందన్నాడు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు మీరు?" అని కసిరాడు. ఒక విడత లేజరు చేశాడు. మిగతా విడతలు వరసగా పడాలి, మధ్యలో ఆపితే చేసినది కూడా దండగే అన్నాడు. తిరుగు టికెట్టు ఆదివారానికి ఉంది. కేశవరావు తలాడించి వచ్చేశాడు. ఇంట్లో అద్దాల పవర్ మారిందని చెప్పాడు. దీపావళికి మళ్ళీ వెళ్ళి చేయించుకుందామనుకున్నాడు కానీ ఆ వారంలోనే బ్యాంకు పని లైవ్‌లోకి వెళ్ళాల్సి వచ్చి సెలవివ్వలేదు. ఆఫీసులో స్క్రీన్ మీద అక్షరాలు పెద్దవి చేసుకున్నాడు. అడిగినవాళ్ళకి వయసొచ్చేసిందని నవ్వేవాడు.

విమానం మాట నందితకి ఎప్పుడో ఇచ్చాడు. ఈ ప్రాజెక్టు అయ్యాక, ఆ ప్రాజెక్టు అయ్యాక అని జరుపుతూ వచ్చినవాడు ఇప్పుడు ఉన్నట్టుండి తొందరపడటం హైమావతికి వింతగా ఉంది. వచ్చే ఏడాది అనడానికి అతనికి ధైర్యం చాల్లేదు.

"అమ్మా, కోపం వద్దు. నేనూ తెలుగే లా," అంటూ ముసలాయన దగ్గరికి వచ్చాడు.

ఆయన పేరు సాంబమూర్తి. వాళ్ళ నాన్న ఏనాడో ఇక్కడి బ్రిటిష్ నేవల్ బేస్‌లో పని చెయ్యడానికి వచ్చాడట. ఈయన ఇక్కడే పుట్టి, ఓడలు బాగుచేసే యార్డులో పనిచేసి రిటైరయ్యాడు. విమానాలు ఎగరేయడం తప్ప ఇప్పుడు వేరే పని లేదు.

"ఇద్దరిదీ కొంచెం కొంచెం కరెక్టే. చిన్నది గాలికి తట్టుకోదు. కొత్తవాడి చేతిలో పెడితే, మలయ్‌వాళ్ళన్నట్టు సుదా, ఆ పూటకే అయిపోయింది. ఈ ఒంటి రెక్కది కారున్నవాడికి. నీకు కారుందా, తమ్ముడూ?"

"లేదండీ."

"అయితే ఇది పట్టుకో." పై అరలోంచి ఒక పెట్టె దింపి తెరిచాడు. "రెక్క రెండు ముక్కలు. నడుమ ఈ గొట్టం దూర్చాలి, పైన రబ్బరు బ్యాండ్లు వెయ్యాలి. కింద పడితే రెక్క ఊడి పక్కకి పోతుందే కానీ విరగదు. రెక్క ఒంటి పైన ఉంది చూశావా? నువ్వు తడబడినా తనంతట తనే సర్దుకుంటుంది. ఫ్యాను వెనకాల. మూతి నేలకి గుద్దుకున్నా దానికేం కాదు. బ్యాటరీ మోటారు. ఇంజన్‌ది కొన్నావనుకో, ఆ నూనె డబ్బాతో ట్రైన్ ఎక్కనిస్తారా?"

"ఇది ట్రైన్‌లో పడుతుందా, అంకుల్?" అంది హైమావతి.

"బస్సులోనూ పడుతుంది. గొడుగులాగ చంకలో పెట్టుకో."

"విన్నారా?" అని ఆమె భర్తవైపు తిరిగింది. "నేనన్నదీ ఇదే."

"నువ్వన్నది చిన్నది."

"మోసుకెళ్ళేది అన్నాను. చిన్నది అన్నది మీరు."

కేశవరావు విమానాన్ని చెయ్యి చాచి దూరంగా పెట్టి చూశాడు. "తెల్లగా ఉందండీ. ఆకాశంలో కలిసిపోదూ?"

"ఎర్ర టేపు అంటించుకో."

"దూరం పోతే?"

"పోనివ్వకు. కొత్తలో దగ్గరే తిప్పాలి. ఇదేం భయం, తమ్ముడూ? నాకే కనపడుతుంది, నీకు కనపడదా?"

"భయం కాదండీ," అని కేశవరావు పెట్టె మూసి కౌంటరు మీద పెట్టాడు. ఆదివారం తను కూడా మైదానానికి వస్తానని, మొదట తనే ఎగరేసి చూపిస్తానని సాంబమూర్తి మాటిచ్చాడు.

ఇంట్లో తండ్రీ కూతుళ్ళు నేలమీద కూర్చుని టేపు అంటించారు. కేశవరావు అంటించిన పట్టీ రెక్క అంచు దాటి గాలిలోకి పోయింది.

"అయ్యో, సో క్రూకెడ్, డాడీ! గివ్ మీ లా."

"కొత్త డిజైనే అది," అన్నాడు. నందిత పీకి తిన్నగా అంటించింది.

మైదానం ఊరికి పడమటి చివర, ఫ్యాక్టరీల అవతల ఉంది. ట్రైన్ దిగి బస్సెక్కాలి. రెక్క ముక్కలు గుడ్డసంచీలో పెట్టుకుని, ఒళ్ళో ఇంకేమీ లేకుండా కూర్చున్న హైమావతి దారి పొడుగునా హుషారుగా ఉంది. "ఎవరికైనా తగిలిందా? ఎవరైనా విసుక్కున్నారా?" అని రెండుసార్లు అడిగింది. పులిహోర కూడా చేసి తెచ్చింది.

సముద్రాన్ని పూడ్చి చదును చేసిన నేల అది. చెట్టు లేదు, అంతా గడ్డి. ఆకాశం నిండా తెల్లటి మబ్బు. సాంబమూర్తి గొట్టం దూర్చి, రబ్బరు బ్యాండ్లు ఇంటూ గుర్తులాగ తగిలించి, రిమోట్ ఏరియల్ పైకి లాగాడు. నందిత పరిగెత్తి విమానాన్ని విసిరింది. అది లేచింది. ఆయన రెండు చుట్లు తిప్పి, మోటారు తగ్గించి, అది తనంతట తను ఎలా తేలుతుందో చూపించి, రిమోట్‌ని కేశవరావు చేతికిచ్చాడు.

మొదటి చుట్టు బాగా తిప్పాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత హైమావతి అతని ముఖంలో ఆ నవ్వు చూసింది. మైదానం మీదుగా పోతున్నంతసేపు ఎర్ర పట్టీలు మెరుస్తూనే ఉన్నాయి. దూరంగా వెళ్ళి మలుపు తిరిగేసరికి విమానం మబ్బు తెలుపులో కలిసిపోయినట్టయింది.

"ఎడమకి, తమ్ముడూ. ఎడమకి తిప్పు."

కేశవరావు తిప్పాడు.

"ఇది మనవైపు వస్తోంది. ఎదురొచ్చేటప్పుడు కుడి ఎడమ మారుతుంది. అందరూ చేసే తప్పే. ఇటు! ఇటు!"

సాంబమూర్తి చెయ్యి చాచేలోపే విమానం కిందికి జారింది. తనంతట తనే సర్దుకుని, మెల్లగా, మైదానం అవతలి గడ్డిలో వాలి పల్టీ కొట్టింది. రెక్క ఊడి పక్కన పడింది. సాంబమూర్తి ఊపిరి వదిలాడు.

కేశవరావు బొటనవేళ్ళు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. తల పైకెత్తి ఉంది. విమానం పడిన వైపు కాదు, ఇంకెటో చూస్తున్నాడు.

"ఇప్పుడు సరిగ్గా ఉందాండీ?" అన్నాడు. "కొంచెం పైకి లేపమంటారా?"

నందిత పకపక నవ్వింది. "ఇట్స్ డౌన్ ఆల్రెడీ లా! డాడీ, యూ లుక్ వేర్?" తర్వాత తండ్రి ముఖం చూసి ఆగిపోయింది.

సాంబమూర్తి రిమోట్ వైపు చాచిన చెయ్యి దించాడు. "అమ్మాయ్, రా, తెచ్చుకుందాం," అని నందితని తీసుకుని గడ్డిలోకి నడిచాడు.

హైమావతి భర్త చేతుల్లోంచి రిమోట్ తీసుకుంది. దాని స్విచ్ ఎక్కడుందో ఆమెకి తెలియదు. అలాగే పట్టుకుని నిలబడింది.

"ఏ కన్నండీ?"

అతను అబద్ధం వెతకలేదు. "ఎడమది పోయినట్టే. కుడిది మొదలైంది."

"కాకినాడలో పవర్ మారిందన్నారు."

"లేజరు చేశారు. ఆపకూడదన్నారు."

"ఆపేశారు."

"సెలవు లేదు కదా."

పులిహోర డబ్బా ఎవరూ తెరవలేదు. సాంబమూర్తికిచ్చేసి బస్సెక్కారు. ట్రైన్‌లో నందిత ఎదురు సీట్లో కూర్చుని రెక్కలో గుచ్చుకున్న గడ్డిపరకలు ఏరుతోంది. విమానంలో ఏదీ విరగలేదు.

"కూరలో కరివేపాకు ఏరడం మానేశారు," అంది హైమావతి, కిటికీలోంచి చూస్తూ. "పెళ్ళయిన ఇన్నాళ్ళకి ఈయనకి నా వంట నచ్చిందనుకున్నాను. కాకినాడలో పక్కింటి అరుణమ్మగారికి ఫోన్ చేసి మరీ చెప్పాను."

రెండు స్టేషన్లు దాటాక కేశవరావు, "మార్చిలో రెన్యూవల్," అన్నాడు. "అదొక్కటి చేతికొస్తే, నెల సెలవు పెట్టి కాకినాడ వెళ్ళి పూర్తిగా చేయించుకుంటాను. ఈలోగా ఇక్కడ ఎవరికీ తెలియకపోతే చాలు."

"మార్చికి ఆ కుడికన్నెంత మిగులుతుందండీ?"

"తెలీదు."

"నా ముఖం కనపడుతోందా ఇప్పుడు?"

"కనపడుతోంది."

"నందిత ముఖం?"

అతను ఎదురుగా చూశాడు. తన పేరు ఎత్తారని నందిత తలెత్తింది. కిటికీ వెలుగు వెనకనుంచి పడుతోంది. జుట్టు అంచు తెలుస్తోంది, భుజాలు తెలుస్తున్నాయి. ముఖం ఉండాల్సిన చోట నూలుపోగులు అడ్డంగా కదిలాయి. తల కొంచెం పక్కకి వంచి చూశాడు. ఇంకొంచెం వంచాడు. ముఖం దొరకలేదు.

"వాట్, డాడీ?" అంది నందిత. "నెక్స్ట్ సండే గో అగైన్ ఆర్ నాట్?"

ట్రైన్ వంతెన మీదికి ఎక్కి, ఫ్లాట్ల మధ్యనుంచి పోయి, టాంపినీస్‌లో ఆగింది. ప్లాట్‌ఫారం మీద జనం పలచబడేదాకా ముగ్గురూ బెంచీ దగ్గర ఆగారు. హైమావతి ఏమీ అడక్కుండా భర్త మోచెయ్యి పట్టుకుంది. మెట్లవైపు రెండడుగులు వేసి, కేశవరావు ఆగాడు.

"రేపు పొద్దున్నే ఏజెన్సీకి ఫోన్ చేసి కన్ను సంగతి చెప్పేస్తాను," అన్నాడు. "అయ్యాక ఇక్కడి ఆసుపత్రికే వెళ్దాం."