అడుగు కనబడ్డాక

బాబుపేట్‌లో మా ఇంటి నుంచి ఈత కొలనుకు వెళ్లే దారిలో రైలు గేటు ఉంది. పొద్దున్నే బొగ్గు వ్యాగన్లు వెళ్తుంటే అక్కడ ఆగిపోవాల్సిందే. నిద్ర వదలని కళ్లకు అవి ఎప్పటికీ అయిపోవనిపించేది. ఆ మత్తు దిగకముందే నీళ్లలో దిగాలని నాకు తొందర. నేను పూర్తిగా మేల్కొంటే నా భయం కూడా మేల్కొంటుంది.

నలభై దాటాక ఈత మొదలుపెట్టాను. మోకాళ్ల నొప్పికి మంచిదని డాక్టరు అన్నాడు. ఇంట్లో చెప్పుకోవడానికి ఆ మాట బాగా పనికొచ్చింది.

మాది పేరుకే ఈత కొలను. వరుసలు విడదీసే తాళ్లు లేవు. రోడ్డు మీద నడిచినట్టు ఎవరి ఎడమ వాళ్లు చూసుకుని ఈదాలి, ఎదురుగా వచ్చి తగిలితే నవ్వేయాలి. కొత్తవాళ్లు పట్టుకుని తేలడానికి మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాలు ఉండేవి. బట్టలు మార్చుకునే గదికి గడియ లేదు కాబట్టి ఒకరు లోపలుంటే ఇంకొకరు తలుపుకు వీపు ఆనించి నిలబడేవాళ్లం. నీళ్లు శుభ్రం చేసే మోటారు ఎప్పుడో మూలన పడింది. ఘుగ్గుస్ బొగ్గు గనుల వైపు నుంచి గాలి తెచ్చిన నల్లదుమ్ము నీళ్ల మీద వాలి, తీరిగ్గా దిగి, అడుగంతా పరుచుకునేది. ఈత కళ్లద్దాలు పెట్టుకుని చూసినా కింద మెత్తటి చీకటి తప్ప ఏమీ కనిపించేది కాదు.

మిగతా ఆడవాళ్లంతా తిట్టుకునే ఆ మసకే నాకు ఇష్టం. దుప్పటి ముసుగులో ఉన్నట్టుండేది. నా బరువు ఎక్కడో గట్టు మీద చెప్పుల పక్కన వదిలేసి వచ్చినట్టుండేది. చెవుల్లో నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకే పిలుపూ వినబడదు. పొయ్యి మీద పాలు లేవు, తలుపు దగ్గర ఎవరూ లేరు.

నా కోరిక ఒక్కటే, ఎక్కడా ఆగకుండా లోతు వైపు గోడను ముట్టుకోవడం. ఇన్నేళ్లలో నేను ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరి పని మీదే వెళ్లాను. ఆ గోడ దగ్గర ఎవరికీ ఏ పనీ లేదు. అందుకే అక్కడికి వెళ్లాలనిపించేది. రోజుకు కొంచెం దూరం పెంచుకుంటూ వచ్చినా, ఇక నాలుగు బారల్లో గోడ ఉందనగా ఊపిరి చాలక పక్క గట్టు పట్టుకునేదాన్ని.

మా ఆయన భూగర్భ గనిలో పంపు నడుపుతాడు. లోపల ఊరే నీళ్లను పైకి తోడించడం ఆయన ఉద్యోగం. నీళ్లంటే ఆయనకు పగ.

"నేను షిఫ్టంత నీళ్లు బయటికి తోడుడే తోడుడు. నువ్వేమో పొద్దుగాల్నే పోయి అండ్లనే దుంకవడ్తివి" అని ఆటపట్టించేవాడు. అన్నా, రోజూ టీ తాగుతూ అడగడం మాత్రం మానలేదు. "ఏందే, అద్దరికి పోయినవా?"

"ఇంకా పోలే" అనేదాన్ని.

ఇంతలో ఎవరి ఫిర్యాదు ఫలించిందో, కొలను ఖాళీ చేయించి, అడుగంతా తోమించి కొత్త నీళ్లు నింపారు. ఆ పొద్దున ఆడవాళ్లంతా పండగలా దిగారు. నేనూ దిగి, సగం దూరం ఈది, కిందికి చూశాను. నీలం పలకలు ఎక్కడో, చాలా కింద మెరుస్తున్నాయి. డాబా అంచు నుంచి వేలాడుతున్నట్టు ఒళ్లంతా బిగుసుకుపోయింది. చేతులు ఆడలేదు. నీళ్లు మింగాను. ఇన్నాళ్లూ నేను దీని మీదనా ఈదింది?

నాకు ఈత నేర్పిన మరాఠీ తాయి, మా పక్క వీధి అక్కే, వచ్చి నా భుజం పట్టుకుని గట్టుకు చేర్చింది. "ఘాబరూ నకో" అంటూ వీపు నిమిరింది. భయపడొద్దట, అంత లోతు చూశాక!

ఆయనకు చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "చీకట్ల నాకు భయం గాదు. ల్యాంపు ఎలుగువడి మీద కప్పుకు పగుళ్లు కనవడ్తయి సూడు, అప్పుడైతది" అన్నాడు.

ఆ తర్వాత లోతు వైపు పోనేలేదు. నడుము లోతులోనే అటూ ఇటూ తిరిగాను. పొద్దున లేవగానే దండెం మీద వేలు పెట్టి గీసి చూసేదాన్ని, ఎంత దుమ్ము పడిందో అని. ఊరంతా దగ్గుతూ శాపనార్థాలు పెట్టే దుమ్ము కోసం నేనొక్కదాన్నే మొక్కుకున్నాను. అది వచ్చి అడుగును కప్పేస్తే నీళ్లలోని ఆ నిద్రమత్తు నాకు తిరిగొస్తుందని ఆశ. నీళ్లు మాత్రం మొండిగా తేటగానే ఉన్నాయి.

ఒక పొద్దున సూర్యుడు వెనక నుంచి పడుతున్నాడు. నడుము లోతులో ఈదుతుంటే ముందు, కింద, పలకల మీద ఎవరో ఈదుతూ కనిపించారు. చేయి చాపితే చేయి చాపుతోంది. నా నీడే! మసక నీళ్లలో దాన్నెప్పుడూ చూడలేదు. నేల మీద మోకాలు పట్టుకుని కుంటే మనిషికి ఇంత తీరైన నీడ ఉంటుందని నాకు తెలియదు. ముచ్చటేసి దాని వెంటే పోయాను. అడుగు పల్లంగా దిగుతుంటే అదీ దిగింది. కింద ఎంత లోతుందో కనిపిస్తూనే ఉంది, భయం వేస్తూనే ఉంది, అయినా చేతులు ఆడుతున్నాయి. కొసకు నీడ గోడ ఎక్కింది. దాని వేళ్ల మీద నా వేళ్లు పడ్డాయి.

గోడ చల్లగా, కాస్త జిగటగా ఉంది. దాన్ని పట్టుకుని ఏడ్చేశాను. సంతోషమే.

అవతలి గట్టు నుంచి తాయి చేతులూపుతూ, గట్టు వెంట నడిచి వచ్చేయమని సైగ చేసింది. నేను వెనక్కి తిరిగాను. సూర్యుడు ఇప్పుడు నా ముఖం మీద ఉన్నాడు, నీడ నా వెనక్కి పోయింది. ముందర తేట నీళ్లు, వాటి కింద లోతు, అంతే. గోడను కాళ్లతో తన్ని బయలుదేరాను.