కోర్టు వాయిదాకు సెలవు

నా మీద అత్యాచారం జరిగేనాటికి నేను పత్తర్‌గట్టిలో ఒక పెళ్లిబట్టల దుకాణంలో పని చేస్తున్నాను. చేసినవాడు కిషన్‌బాగ్‌లో మా గల్లీవాడే. మా ఇంట్లో కరెంటు పని చేసినవాడు, మా అమ్మను అక్కా అని పిలిచినవాడు. ఆ రోజు గురించి ఇంతకు మించి రాయను. చెప్పాల్సినదంతా పోలీసులకు, డాక్టరుకు, కోర్టుకు చెప్పేశాను. రాయాలనుకున్నది ఆ తర్వాతి సంగతి.

స్టేషన్‌కు అమ్మ నాతో వచ్చింది కానీ, పోలీసులు నా మాటలు రాసుకోవడం మొదలుపెట్టగానే కళ్లు తిరిగి పడిపోయింది. ఆమెను ఇంటికి పంపించి, పక్కింటి ఖాలా నా పక్కన కూర్చుంది. ఖాలా భర్త పోయాక ఇంట్లోనే జరీ పని చేసుకుంటూ బతుకుతోంది. ఖాలా అంటే పిన్ని, కానీ మాకు చుట్టం కాదు, గోడ ఒకటే.

"ఫికర్ చేయకు బేటీ. నీకు ఎట్ల వస్తే గట్ల చెప్పు. నేను ఈడికెల్లి లేవ" అంది.

ఆస్పత్రిలో నా బట్టలు సాక్ష్యం కోసం తీసుకున్నారు. ఖాలా సంచిలో తన సల్వార్ కమీజ్ పెట్టుకుని వచ్చింది. ఆమె నాకంటే బాగా పొట్టి. చీలమండల పైకి నిలిచిన ఆ సల్వార్‌తో ఆటో దిగి మా గల్లీలో నడిచాను. ఖాలా నా చెయ్యి పట్టుకుని, కిటికీల్లోంచి చూస్తున్నవాళ్లను ఒక్కొక్కరినే తిరిగి చూస్తూ వచ్చింది.

కోర్టులో కూర్చోవడానికి వరండా ఒక్కటే ఉండేది. వాడు బెయిలు మీద వచ్చి ఎదురు బల్ల మీద కూర్చునేవాడు. ఖాలా తన కుర్చీని లాక్కొచ్చి మా ఇద్దరి మధ్య వేసుకునేది. వాడికి ఆమె బుర్ఖా వెనకభాగం తప్ప ఏమీ కనిపించేది కాదు. కానీ నేను సాక్ష్యం చెప్పాల్సిన రోజు గుమ్మం దగ్గర కోర్టువాళ్లు ఆమెను ఆపేశారు.

"ఈమెకు మీరేమవుతరు?"

"పక్కింటిదాన్ని."

"సంబంధం లేనోళ్లు లోపలికి రావొద్దు. బయట ఉండండి."

తలుపులు మూసి విచారించేది నా కోసమేనని నాకు తెలుసు. అయినా ఆ తలుపు పడినప్పుడు, లోపల నాకంటూ ఉన్న ఒక్క మనిషినీ బయట పెట్టేశారనిపించింది. అవతలి వైపు వకీలు అడిగిన ప్రశ్నలకు గోడ వైపు చూస్తూ జవాబు చెప్పాను. ఒక్కటి కూడా తప్పలేదు. బయటికొచ్చాక మాత్రం నా చెప్పులు ఎక్కడ విడిచానో గుర్తు రాలేదు.

దీనికి తోడు వాయిదాలు. ఒకసారి జడ్జి సెలవు, ఒకసారి వాడి వకీలు రాలేదు. వెళ్లిన ప్రతిసారీ దుకాణం మానాల్సి వచ్చేది. మా సేఠ్ మంచివాడు. జరిగింది తెలిసీ నన్ను పనిలో ఉంచుకున్నాడు. నా గురించి గుసగుసలాడిన ఒక అబ్బాయిని అందరి ముందూ మందలించాడు. పెళ్లిళ్ల సీజన్ రాగానే ఆయనే నన్ను పిలిచాడు.

"బేటీ, నీ మీద నాకు గుస్సా లేదు. గిట్ల మాటిమాటికి పోతే గిరాకీని ఎవరు చూస్తరు? పక్క దుకాణంల గిట్ల సెలవులు ఇస్తరా, చెప్పు. కేసు ఖతమైనంక రా."

ఆయన్ని తిట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఇంటికి నడుస్తుంటే ఒకటే ఆలోచన. ఇంత మంచివాడి దగ్గరే నా ఉద్యోగం నిలవలేదు. ఇక మంచితనం మీద ఆధారపడి లాభం లేదు.

మా తరఫున సాయం చేస్తున్న వకీలమ్మను తోడు గురించి, సెలవు గురించి అడిగాను. ఆమె విడమరిచి చెప్పింది. "చిన్నపిల్లల కేసుల్లో తోడుమనిషిని పెట్టే నిబంధన ఉంది. పెద్దవాళ్లకు అది హక్కుగా లేదు. జడ్జిగారు ఒప్పుకుంటే సరే, లేకుంటే లేదు. సెలవు సంగతికొస్తే, దుకాణాల చట్టాన్ని రాష్ట్రమే మార్చుకోవచ్చు."

"మార్చుమని ఎవరడగాలె మేడమ్?"

"ఎవరైనా అడగొచ్చు. నా దగ్గరికి మాత్రం ఇంతవరకు ఎవరూ రాలేదు."

"నేను అడుగుత" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ముందు అర్జీ రాయించి, సంతకాల కోసం దుకాణాల్లో పని చేసే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం షట్టర్ల వెనక టిఫిన్ డబ్బాలు తెరిచే వేళ. కొందరు జరిగి చోటిచ్చారు. కొందరు నేను కూర్చోగానే లేచిపోయారు. ఒకామె, "మాకెందుకమ్మా గిసొంటి లొల్లి? సంతకం పెడితే మాకు గూడ గట్లనే అయిందనుకుంటరు" అంది. ఆమె భయం నాకు తెలియనిది కాదు. ఆమెను బలవంతం చేయలేదు. కానీ మర్నాడు కూడా వెళ్లాను. సంతకం పెట్టని ఆమే నన్ను పక్క దుకాణంలోకి తీసుకెళ్లి పరిచయం చేసింది.

ఎమ్మెల్యే ఆఫీసులో పీఏ, "రోడ్డు పనా, పింఛనా?" అని అడిగాడు.

"చట్టం" అంది ఖాలా. అక్కడ కూర్చున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

వకీలమ్మ మా విషయాన్ని 'ఒక బాధితురాలి' పేరుతో చెప్పాలని ముందే అనుకున్నాం. ఎమ్మెల్యే ఫోన్ చూసుకుంటూ విన్నాడు.

"ఉన్న చట్టాలే మస్తు గట్టిగ ఉన్నయ్ కదమ్మా. ఇంకేం కావాలె?"

"శిక్ష గురించి కాదు సార్" అన్నాను. "శిక్ష పడేదాకా మేమెట్ల బతకాలె? కోర్టుకు పోతే కొలువు పోతది. లోపలికి పోతే తోడు ఉండదు. అందుకే మస్తుమంది కేసు నడుమల ఇడిచిపెడుతున్నరు."

"ఇది ఎవరికైంది అసలు?"

వకీలమ్మ నా వైపు చూసింది, వద్దన్నట్టు.

"నాకైంది సార్."

ఆయన ఫోన్ బోర్లా పెట్టాడు. కుర్చీ ముందుకు జరుపుకుని, "మొదటికెల్లి చెప్పమ్మా" అన్నాడు. సెలవు గురించి, తోడు గురించి చెప్పాను. మిగతాది ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. తల దించుకోలేదు.

ఆ ఎండాకాలం తీర్పు వచ్చింది. వాడికి శిక్ష పడింది. పైకోర్టుకు వెళ్లాడు, అది ఇంకా నడుస్తోంది. ఆ సాయంత్రం అమ్మ నా తల దువ్వుతూ, "నీది అయిపోయింది గద బిడ్డా, ఇంక ఆఫీసుల చుట్టు తిరుగుడెందుకు?" అంది.

"నా కొలువు పోయింది గదమ్మా. రేపు ఇంకోదానిది పోవద్దు" అన్నాను. అమ్మ దువ్వెన పక్కన పెట్టి జడ గట్టిగా అల్లింది.

ఎమ్మెల్యే ఉత్తరం రాసిన మీదట కార్మికశాఖ వాళ్లు సమావేశం పెట్టారు. వ్యాపారులనూ పిలిచారు. కోర్టు పేరు చెప్పి ఊరికే సెలవులు పెడతారని ఒకాయన వాదించాడు. అప్పుడు వెనక వరుసలోంచి మా సేఠ్ లేచాడు. ఆయన వస్తున్నాడని నాకు తెలియదు.

"సాబ్, ఈ పిల్లను పనికెల్లి తీసింది నేనే. నేనొక్కన్నే సెలవిస్తే నా దుకాణం నష్టపోతది. కానూన్ అందరికి ఒక్కటే ఉంటే ఎవరికి ఫికర్ లేదు. కోర్టు కాయిదం చూపిస్తది, సెలవు తీసుకుంటది. గంతే."

చట్ట సవరణ ముసాయిదాలో సెలవు చేరింది. తోడుమనిషి సంగతి రాగానే కార్మికశాఖ అధికారి ఫైలు మూశాడు. "అది మా పరిధి కాదు. హోంశాఖ చూడాలి."

"హోంశాఖ ఏ అంతస్తుల ఉన్నది సాబ్?" అని అడిగింది ఖాలా, అప్పటికే లేచి నిలబడి.

అప్పటి నుంచి అక్కడికీ వెళ్తున్నాం. సేఠ్ నన్ను మళ్లీ పనిలోకి తీసుకున్నాడు. బిల్లు ఇంకా అసెంబ్లీకి రాలేదు. వచ్చే సమావేశాల్లో పెడతామంటున్నారు, పోయినసారీ అదే మాట అన్నారు. హోంశాఖలో అధికారి మారాడు, కొత్తాయనకు అంతా మళ్లీ మొదటి నుంచి వివరించాం. అటెండరు ఇప్పుడు మా పని ఏమిటని అడగడం లేదు. మమ్మల్ని చూడగానే కుర్చీలు చూపిస్తాడు. కూర్చుంటాం.