గిర్రుమనని వైద్యం

వీధిలో పిల్లలంతా ఆమెను గిర్రు డాక్టరమ్మ అంటారు. పళ్లు తవ్వే మిషను గిర్రుమంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది! ఏ పిల్లాడైనా ముద్ద మింగకపోతే చాలు, “గిర్రు డాక్టరమ్మ దగ్గరికి పద” అంటారు తల్లులు. టక్కున నోరు తెరుస్తాడు. తీరా ఆమె కుర్చీలో కూర్చున్నాక ఆ నోరే తెరవడు.

వాళ్లందరిలోకీ మొండిఘటం సొంత అక్క కూతురే. ఆరేళ్ల పిల్ల, దవడ పాలపన్ను పుచ్చింది. మిషను చప్పుడు వినగానే మూతి బిగించేది. ఇక మత్తిచ్చి చేయడమే గతి అని ఆస్పత్రివాళ్లు వచ్చే వారానికి తేదీ ఇచ్చారు. పిల్లకు ఉబ్బసం. మత్తిస్తే ఊపిరి అందదేమోనని అక్క భయం.

“నువ్వు డాక్టరువై ఉండి కూడా నా పిల్లకి ఇంతేనటే?” అంది. చెల్లెలికి ఆ పూట ముద్ద దిగలేదు.

ఆదివారం కంప్యూటరులో పిల్లల పళ్ల వైద్యం మీద ఏదో నివేదిక చదువుతున్నదల్లా ఎగిరి గంతేసింది.

“నాన్నా! తవ్వక్కర్లేదట!”

ఆమె పళ్ల క్లినిక్కు పెట్టిందీ, కూతురికి పని నేర్పిందీ ఆయనే. “తవ్వకుండా ఏం చేస్తావే?”

“పుచ్చు అలాగే ఉంచి పైన స్టీలు క్యాపు బిగించేయడమే. ఇంజెక్షను లేదు, గిర్రు లేదు!”

“క్యాపులు అమ్ముకునేవాడెవడో రాయించి ఉంటాడు.”

“అదే కదా చెబుతున్నా! ఇది రాసినవాళ్లు ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. ఎక్కడెక్కడో పిల్లల మీద చేసిన పరీక్షలన్నీ పోగేసి, గింజల్లో రాళ్లు ఏరినట్టు ఏరారు. తవ్వి నింపిన పళ్లకంటే క్యాపు పెట్టినవాటికే తర్వాత నొప్పులు తక్కువట.”

“అన్ని పళ్లకీనా?”

“పుచ్చు నరందాకా పోతే పనికిరాదు. ఆస్పత్రివాళ్ల ఎక్స్‌రే చూశాను, దీనికి పోలేదు. క్యాపు పెట్టినా చెడిపోయినవి కొన్ని ఉన్నాయి. అవీ దాచకుండా రాశారు నాన్నా!”

ముసలాయన గడ్డం గోక్కున్నాడు కానీ కాదనలేదు. వంటింట్లోంచి అమ్మ మాత్రం గయ్యిమంది. “పురుగును లోపలే పెట్టి మూత వేస్తావటే! నీకేమైనా మతి పోయిందా?”

“అది పురుగు కాదమ్మా, కంటికి కనిపించని క్రిములు. తిండి అందకుండా మూసేస్తే వాటి ఆట కట్టు!”

ఈ మాటలన్నీ గుమ్మం దగ్గర పిల్ల వింటూనే ఉంది.

మర్నాడు కుర్చీ అయితే ఎక్కింది. నోరు తెరవదే! పిన్ని మిషను ప్లగ్గు పీకి చూపించింది. ఊహూఁ.

“ఏమైందే బంగారం?”

పళ్ల సందుల్లోంచి గొణిగింది పిల్ల. “పాపం, పురుక్కి ఆకలేయదా?”

పిన్నికి నవ్వాగలేదు. “లోపల పురుగూ లేదు, గిరుగూ లేదే పిచ్చితల్లీ! నమ్మకపోతే అద్దంలో నువ్వే చూసుకో.”

చూసుకోవాలంటే తెరవాలిగా మరి! తెరిచింది.

పిన్ని చటుక్కున క్యాపులో సిమెంటు వేసి పంటి మీద పెట్టింది. “ఊఁ, గట్టిగా కొరుకు!”

పిల్ల కొరికింది. క్యాపు బిగుసుకుంది. చుట్టూ పొంగిన సిమెంటు పిన్ని తుడిచేసింది.

“అంతేనా?” అంది పిల్ల.

“అంతేనే!” పిన్ని పట్టలేని సంబరంతో దాన్నెత్తుకుని గదంతా గిరగిరా తిరిగింది. ముసలాయన తొంగి చూసి “బానే కూర్చుంది” అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ ఎరగరు.

అక్క అక్కడే నిలబడి ఆస్పత్రికి ఫోను చేసింది. “మా పాపకి మత్తు అక్కర్లేదండీ, ఆ తేదీ కొట్టేయండి.” అవతలివాళ్లు ఎప్పుడో పెట్టేశారు. ఆమె మాత్రం ఫోను చెవికి ఆనించుకునే “అక్కర్లేదండీ, అక్కర్లేదు” అంటూ ఏడుస్తోంది.