చెంబులో రాజ్యం గొంతు

రాజ్యం చేసే ఊరగాయలు యాంగాన్‌లో తాకేటా పేటలోని ఆమె వీధి దాటి బయటకి వెళ్లాయంటే అది ఫోను పుణ్యమే. రోజూ సాయంత్రం వంటింటి గడప దగ్గర స్టూలు వేసుకుని, ఎదురుగా బియ్యం డబ్బాకి ఫోను ఆనించి, లైవ్ పెట్టి కూర్చునేది. చెంపలకి తనకా చెక్క గంధం పూసుకుని, చేత్తో గోంగూర పచ్చడి సీసా పట్టుకుని, బర్మా భాషలో దాని సంగతులన్నీ చెప్పేది. గోంగూర అక్కడివాళ్లకి కొత్త కాదు. చిన్‌బాంగ్ అని వాళ్లూ వండుకుంటారు. ఎండుమిరపకాయలతో నూరి, ఇంగువ పోపు పెట్టి సీసాలకెత్తడం మాత్రం వాళ్లకి వింత. ఆ వింతే ఆమెకి బతుకుతెరువయింది.

రాజ్యం తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి యాంగాన్ రేవులో బస్తాలు మోశాడు. తండ్రీ ఆ రేవులోనే పనిచేశాడు. రాజ్యం ఏడో తరగతితో చదువు ఆపి, ఇరవై ఏళ్లకి పైగా బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చొక్కా కాలర్లు కుట్టింది. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఏం చేయాలో తోచక, ఇంట్లో ఉన్న మాగాయ జాడీ తీసి పక్కింటివాళ్లకి అమ్మింది. అలా మొదలయిన వ్యాపారం అది. కూతురు దుర్గ బట్టల దుకాణంలో పనిచేస్తూ, లైవ్ ఎలా పెట్టాలో తల్లికి నేర్పింది. ఫోను మాత్రం వాయిదాల మీద కొన్నారు. ఏడాది ఒప్పందం, నెలకి అరవై వేల బర్మా చాట్లు.

ఏడు నెలలు బాగానే నడిచింది. ఎండలు ముదిరేసరికి ఫోను వేడెక్కడం మొదలెట్టింది. లైవ్ మధ్యలో బొమ్మ బిగుసుకుపోయేది, నోరు తెరిచిన రాజ్యం తెర మీద అలాగే ఆగిపోయేది. ఒక్కోసారి ఫోను మొత్తానికే ఆరిపోయేది. ఒకరోజు ఎవరో ఆరు సీసాలు కావాలని రాస్తుండగానే ఆరిపోయింది. వాళ్లెవరో, ఎక్కడివాళ్లో మళ్లీ దొరకలేదు. ఆ రాత్రి రాజ్యానికి అన్నం సహించలేదు.

"అమే, కొత్తది తీసుకుందాం. కెమెరా కూడా బాగుంటాది. బొమ్మ బాగుంటేనే కొంటారు," అంది దుర్గ. తల్లిని బర్మావాళ్లలా 'అమే' అనే పిలుస్తుంది. సగం బర్మాలో, సగం తెలుగులో ఆమె మాట.

మర్నాడు రాజ్యం ఫోను కొన్న దుకాణానికి వెళ్లింది. అక్కడ పనిచేసే అమ్మాయి ఓపికగా చెప్పింది. ఒప్పందం పూర్తవకుండానే ఫోను మార్చుకోవచ్చు. పాత ఫోను ఇచ్చేస్తే దానికి కొంత విలువ కడతారు, మిగిలిన బాకీని కొత్తదాని ధరలో కలిపేస్తారు. కొత్త వాయిదా డెబ్బై వేలు.

"నెలకి పదివేలే తేడా, ఆంటీ," అంది ఆ అమ్మాయి బర్మాలో.

పదివేలంటే రెండు సీసాల మాట. రాజ్యం మనసు లాగింది. కొత్త ఫోను చేతిలోకి తీసుకుని చూస్తే, దుకాణం గోడ మీది బల్లి కాళ్లు కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

"ఎన్నాళ్లు కట్టాలి?"

"ఏడాదిన్నర."

రాజ్యం ఫోను బల్ల మీద పెట్టేసింది. ఇంకో ఐదు నెలల్లో తీరిపోవలసిన బాకీ ఏడాదిన్నరకి సాగుతుంది. ఈలోగా ఫ్యాక్టరీ మూతపడ్డట్టు ఇదీ మూతపడితే? నూనె ధర ఇంకా పెరిగితే? ఏడాదిన్నర తర్వాత సంగతి ఈ ఊళ్లో ఎవరు చెప్పగలరు?

"ఆలోచించుకుని వస్తాను. ఈలోపు దీని వేడి తగ్గే దారేమైనా ఉందా?" అని అడిగింది.

ఆ అమ్మాయి ఫోను వెనక వేలితో తడిమి, బ్యాటరీ ఉబ్బిందని చెప్పింది. అది మారిస్తే వేడీ తగ్గుతుంది, ఆరిపోవడమూ ఉండదు, బొమ్మ మాత్రం ఇలాగే ఉంటుందట. ఎల్లుండి రమ్మంది. రాజ్యం ఫోను అక్కడే వదిలి ఇంటికొచ్చింది.

ఇంట్లో భర్త గోవిందుకి సంగతంతా చెప్పింది. అతను హోటల్లో కరెంటు పని చేస్తాడు. మాట తక్కువ మనిషి.

"నీకెలా తోస్తే అలగే సెయ్యి. కడతావంటే నానూ ఓ సెయ్యి ఏస్తాను," అన్నాడు.

"ఏటీ సెప్పకుండా నామీదకే తోసీసినావు," అని రాజ్యం విసుక్కుంది.

ఫోను లేకపోతే ఎన్ని పనులు ఆగిపోతాయో మర్నాడు తెలిసింది. ఇన్సేన్‌కి పది సీసాలు పంపాలి. సరుకు చేరవేసే కుర్రాణ్ణి పిలవాలంటే ఫోను కావాలి. చివరికి సీసాలు సంచీల్లో సర్దుకుని, తనే బస్సెక్కింది. ఊరికి ఈ చివర నుంచి ఆ చివరకి ప్రయాణం. దిగేసరికి భుజాలు పడిపోయాయి.

సరుకు అడిగినావిడ పేరు గ్రేసమ్మ. ప్రతి వారం కొంటుంది, డబ్బు ముందే పంపేస్తుంది. అంతకుమించి ఆమె గురించి రాజ్యానికేమీ తెలియదు. రైలు కార్ఖానా వెనక ఇరుకు సందులో, వసారాలో ఇడ్లీలు అమ్ముతున్న అరవై ఏళ్ల మనిషి కనిపించింది. రాజ్యం నోరు తెరిచి "గ్రేసమ్మ గారిల్లు ఇదేనా?" అని అడిగిందో లేదో, ఆమె చేతిలోని గరిటె కింద పెట్టేసింది.

"నువ్వు రాజ్యానివి కాదేటి?"

"ఔనప్పా. నన్నెప్పుడు సూసినారు?"

"సూడలేదు. గొంతు పట్టీసినాను. నిన్న ఏటయింది నీకు? సెంబు పెట్టుకుని అందరం కూకున్నాం, నువ్వు రాలేదు."

చెంబేమిటో రాజ్యానికి అర్థం కాలేదు. గ్రేసమ్మ ఆమెని కూర్చోబెట్టి, రెండు ఇడ్లీలు పెట్టి, లోపల్నుంచి పెద్ద ఇత్తడి చెంబు తెచ్చింది. తన ఫోనులో రాజ్యం పాత లైవ్ ఒకటి వెతికి పెట్టి, ఫోనుని ఆ చెంబులోకి జారవిడిచింది. గొంతు గంటలో మోగినట్టు వసారా అంతా నిండింది. గోంగూర గురించి బర్మాలో చెబుతున్న రాజ్యం మధ్యలో ఆగి, "ఏటయ్యా, ఆ మూకుడు అక్కడెట్టినావు, నెత్తిమీద పడతాది," అని తెలుగులో కేకేసింది. ఎదురింటి గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్న ఆడవాళ్లిద్దరు పకపకా నవ్వారు.

"ఈ సందులో తొమ్మిదిళ్లు మనోళ్లవే," అంది గ్రేసమ్మ. "మా పిల్లలకి తెలుగు తెలుస్తాది గానీ నోరు తిరగదు. నువ్వు మీ ఆయన్ని తిట్టినప్పుడు మాత్రం సెవులు రిక్కించి వింటారు. ఆదివారం గుడి నుంచి వొచ్చినాక కూడా సెంబులో నిన్నే ఎడతాం."

రాజ్యం చెంబు వైపు చూసింది. ఏడాదిన్నర బాకీకి తల ఒగ్గి మెరుగు చేద్దామనుకున్న బొమ్మ దాని అడుగున ఉంది. దాన్ని చూసేవాళ్లెవరూ లేరు.

"బొమ్మ మరి? బొమ్మ కనపడొద్దా?" అంది.

"ఊరగాయ ఎలాగుంటాదో మాకు తెలీదేటి, సెల్లీ. మాట కావాలి మాకు. ఆ బర్మా తగ్గించి మన మాట కాస్త ఎక్కువ మాటాడు."

రాజ్యానికి నవ్వొచ్చింది. మంచినీళ్లు అడిగి తాగింది.

తిరుగు బస్సులో ఖాళీ సంచీలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బర్మావాళ్లకి బొమ్మ కావాలి, నిజమే. కానీ ఆరిపోకుండా ఉంటే ఇప్పుడున్న బొమ్మే వాళ్లకి చాలు. ఇన్నాళ్లూ దాన్ని చూసే కొన్నారు. బస్సు దిగేసరికి ఆమె నిర్ణయం అయిపోయింది.

మర్నాడు దుకాణంలో కొత్త బ్యాటరీ డబ్బు కట్టి, తన పాత ఫోనే తిరిగి తీసుకుంది. ఆ అమ్మాయి నిరుత్సాహపడలేదు. ఎండలో పెట్టొద్దని, చార్జింగులో ఉంచి లైవ్ పెట్టొద్దని జాగ్రత్తలు చెప్పి పంపింది.

దుర్గ మాత్రం రెండు రోజులు ముభావంగా ఉంది. ఆదివారం సాయంత్రం రాజ్యం లైవ్ పెట్టి, మొదటిసారి మొత్తం తెలుగులోనే మాట్లాడింది. మొదట్లో తడబడింది. ఎదురుగా ఎవరూ లేకుండా సొంత భాష మాట్లాడడం ఆమెకి సిగ్గనిపించింది. గ్రేసమ్మ సందు గుర్తుకొచ్చాక మాట దానంతట అదే వచ్చింది. తాత రేవులో తిన్న చద్దన్నం, తల్లి మాగాయ ఎండబెట్టిన చాప, గోవిందు మతిమరుపు, అన్నీ చెప్పుకుపోయింది. ఇన్సేన్ నుంచే కాక, నది అవతల దలా నుంచి కూడా తెలుగువాళ్లు రాశారు. వాళ్లలో సగం మంది తెలుగు మాటల్ని బర్మా అక్షరాల్లో రాశారు. ఆ కలగలుపు రాజ్యం చదవలేక ఇబ్బంది పడుతుంటే, దుర్గ వచ్చి పక్కన కూర్చుని ఒక్కొక్కటీ పైకి చదివి వినిపించింది.

ఐదు నెలలూ వాయిదాలు తప్పకుండా కట్టారు. ఆఖరిది కట్టిన నెల నుంచి, ఆ అరవై వేలలో కొంత పెట్టి గ్రేసమ్మ వసారాలో ఓ మూల అద్దెకి తీసుకుంది రాజ్యం. గురువారాలు అక్కడికి వెళ్లి, ఇడ్లీల పక్కన తన సీసాలు పెట్టుకుని కూర్చుంటుంది. సందులో పిల్లలు ఆమె చుట్టూ చేరి, గోవిందుని ఇంకోసారి తిట్టమని అడుగుతుంటారు.