ఒకటి నొక్కమంటే రెండు నొక్కిన ఏసీ అన్న

ఆ రోజుల్లో అని మొదలుపెట్టాలంటే నాకే సిగ్గుగా ఉంది. ఆ రోజులు పోయి ఎన్నాళ్ళయిందని? నిన్నగాక మొన్నటి మాట. కానీ మా కంప్యూటర్ల వాళ్ళకి ఏడాది గడిస్తే ఒక తరం గడిచినట్టే. అప్పట్లో కోడు రాసే ఏఐ ఏజెంట్లు కొత్తగా వచ్చాయి. పని చెప్తే చాలు, అవే ఫైళ్ళు తెరిచి, అవే రాసి, అవే దిద్దుకునేవి. అయితే ఒక దిక్కుమాలిన అలవాటు ఉండేది వాటికి. ఉప్పెంత వెయ్యమంటారని కొత్త కోడలు అత్తగారిని అడిగినట్టు ప్రతి పనికీ అనుమతి అడిగేవి. ఈ ఫైలు తెరవనా? ఈ లైను మార్చనా? ఒకటి నొక్కితే సరే, రెండు నొక్కితే వద్దు. (అడక్కుండా చేసుకుపొమ్మనే ఏర్పాటు కూడా ఉండేది గానీ, దాని జోలికి పోతే ఉద్యోగం ఊడుతుందని మా ముదీర్, అంటే మేనేజరు, ముందే చెప్పాడు. ఆయనది చాదస్తం అనుకున్నాను.)

నేనప్పుడు బర్ దుబాయ్‌లో ఆరుగురం సర్దుకునే ఫ్లాట్‌లో ఒక మంచానికి యజమానిని. ప్రొబేషన్ చివరి వారం. అబుదాబి పక్కన ముసఫ్ఫాలో ఒక గ్యారేజీ ఉంది, లారీలు బాగుచేస్తారు. ఏ లారీ ఎప్పుడొచ్చింది, ఏ పార్టు మార్చారు అనే వివరాలన్నీ వాళ్ళ సర్వర్‌లో ఒక పాతకాలపు ప్రోగ్రాంలో ఉండేవి. దాన్ని కొత్తగా మార్చి, ఆ రోజు పన్నెండింటికి అక్కడికే వెళ్ళి చూపించాలి. నచ్చితే ఉద్యోగం ఖాయం. లేకపోతే కాకినాడ టికెట్టు.

పని ఇంకా మూడు గంటలుంది. ప్రయాణమూ అంతే ఉంది. నా ల్యాప్‌టాప్ నుంచి ఎస్ఎస్‌హెచ్ అనే దారిలో ఆ సర్వర్‌లోకి వెళ్ళి అక్కడ ఏజెంట్‌ని నడుపుతున్నాను. ల్యాప్‌టాప్ మూత పడిందా, దారి తెగి పని ఆగిపోతుంది. బస్సులో తీసుకెళ్తే సిగ్నల్ పోయినప్పుడల్లా అదే గతి. (దారి తెగినా పని సాగేలా చేసే ఉపాయం ఒకటుంది. ఒక్క లైను. ఒకే ఒక్క లైను! ఇంత చదువు చదివిన వెధవకి అది తెలియదు.) అందుకని ల్యాప్‌టాప్ తెరిచి మంచం మీద పెట్టి, కాపలాకి ఏసీ అన్నని కూర్చోబెట్టాను.

ఏసీ అన్న ఊరు జగిత్యాల వైపు. ఏసీలు బిగించే కంపెనీలో మెకానిక్. కాలు బెణికి మూడు రోజులుగా గదిలోనే ఉన్నాడు.

“ఏం లేదన్నా, అది మధ్య మధ్యలో ఇంగ్లీషులో ఏదో అడుగుతుంది. ఒకటి నొక్కి, ఎంటర్ కొట్టెయ్. మూత మాత్రం పడనివ్వకు.”

“ఏమడుగుతది?”

“ఏదో ఒకటి అడుగుతుందిలే, నీకెందుకు!”

“ఏందో తెల్వకుండ సరే అని ఎట్లంట తమ్మీ? నేను మొదలొచ్చినప్పుడు గట్లనే అరబ్బీ కాయితం మీద దస్కత్ పెట్టిన. రెండేండ్లు ఇంటి మొకం సూడలే.”

“ఇది కాయితం కాదన్నా, కంప్యూటర్. బస్సుకి టైమైంది, యల్లా!” అని మెట్లు దిగేశాను.

బస్సు దుబాయ్ దాటకముందే మొదలైంది. “తమ్మీ, గిదేందో అడుగుతాంది.” నొక్కు అన్నా. “తమ్మీ, మల్ల అడుగుతాంది. అక్షరాలు సదువన్నా?” వద్దు, నొక్కు అన్నా. అలా ఆరుసార్లు చేశాడండీ, ఆరుసార్లు! ఆరోసారి నాకు ఒళ్ళు మండిపోయింది. “ఇంకోసారి ఫోన్ చేశావంటే బాగుండదు! ఒకటి నొక్కు, ఖలాస్!” అని అరిచేసరికి, పక్క సీటు పఠాన్ తాత “ఖైరియత్ హై బేటా?” అని క్షేమం అడుగుతూ నీళ్ళ సీసా ఇచ్చాడు. ఫోన్ సైలెంట్‌లో పెట్టి హాయిగా కునుకు తీశాను.

గ్యారేజీ ఆఫీసులో మా ముదీర్ (ఈజిప్టు ఆయన) అప్పటికే వచ్చి కూర్చున్నాడు. పక్కన గ్యారేజీ అర్బాబ్, అంటే యజమాని. నేను దర్జాగా వాళ్ళ తెర మీద కొత్త ప్రోగ్రాం తెరిచాను. సగం ఉంది. మిగతా సగం లేదు. ఒక్క నిమిషం అని బయటికొచ్చి ఫోన్ చూస్తే, ఏసీ అన్నవి తొమ్మిది మిస్డ్ కాల్స్.

“ఏం చేశావన్నా!”

“రెండు గొట్టిన.”

“రెండా? ఎవరు కొట్టమన్నారు?”

“డిలీట్ అని రాసున్నది తమ్మీ. నా ఫోన్ల ఫోటోలు తీసేస్తప్పుడు గవే అక్షరాలొస్తయి. ఏం తీసేస్తదో నాకేం ఎరుక? నువ్వేమో ఫోన్ ఎత్తకపోతివి. రెండు పక్కన నో అని ఉంటె, గదే గొట్టి వద్దన్న. గప్పటిసంది సప్పుడు లేకుంట కూసున్నది.”

ఎంత పొగరు అనిపించింది. నా ఉద్యోగం, నా భవిష్యత్తు, ఈయన రెండు నొక్కుతాడా! “ఏసీలు విప్పుకునేవాడికి నీకెందుకయ్యా ఇవన్నీ? చెప్పింది చెయ్యడం కూడా చేతకాదా?” అనేశాను. “సరే తమ్మీ” అని పెట్టేశాడు.

లోపలికొచ్చేసరికి ముదీర్ తెర ముందు కూర్చుని, ఏజెంట్ ఏం చేసిందో వరసగా చదువుతున్నాడు. మొహం నల్లబడింది. నన్ను దగ్గరికి పిలిచి ఒక లైను మీద వేలు పెట్టాడు. పాత లారీల వివరాలు కొత్త ప్రోగ్రాంలో ఇమడటం లేదట. అందుకని ఆ మహానుభావుడైన ఏజెంట్, పాతవన్నీ తీసేసి ఖాళీగా మొదలుపెట్టనా అని అడిగింది. ఏళ్ళ తరబడి వచ్చిన ప్రతి లారీ వివరమూ! వాటికి ఇంకో కాపీ తీసిపెట్టలేదు. తియ్యాల్సింది నేనే. కింద లైనులో, వద్దన్నారు కాబట్టి ఆగానని ఉంది.

“దీన్ని ఆపింది ఎవరు?” అన్నాడు ముదీర్.

నా నోరు నా అనుమతి అడగలేదు. “నేనే సార్. బస్సులోంచే చూసి ఆపేశాను.”

“మాషా అల్లా! అదీ ఇంజనీరంటే!” అని వీపు తట్టాడు. అర్బాబ్ ఇంకో వారం గడువిచ్చి, అరబ్బీ కాఫీ ఖహ్వా తెప్పించాడు. ఆ వారంలోనే ఉద్యోగం ఖాయమైంది. ఆ ఖహ్వా తాగిన కుర్రాడిని తలుచుకుంటే ఇప్పటికీ చెంప పగలగొట్టాలనిపిస్తుంది.

సాయంత్రం గదికి వస్తే, ఏసీ అన్న నేను కూర్చోబెట్టిన చోటే కూర్చుని ఉన్నాడు. బెణికిన కాలు బకెట్ మీద చాపి, ఒక చెయ్యి ల్యాప్‌టాప్ మూతకి ఆనించి పట్టుకున్నాడు. అన్నం కూడా తిన్నట్టు లేదు.

“ఇంకా కూర్చున్నావేంటన్నా?”

“మూత పడొద్దంటివి గద.”

ఫోన్‌లో అన్న మాటకి క్షమించమని అడుగుదామనుకున్నాను. అంతలో ఆయనే అడిగాడు.

“మీ ముదీర్ ఏమన్నడు?”

“మెచ్చుకున్నాడన్నా.”

“ఎవలను?”

“నన్నే.”

ఏసీ అన్న నన్ను ఒక్క క్షణం చూసి, పగలబడి నవ్వాడు. “మంచిదాయె పో. నౌకరి నిలవడ్డది గద, గంతే గావాలె. ఆకలైతాంది, బువ్వ పెట్టు.” ఆ రోజు ఆయనకి అన్నం వడ్డించాను, కాలికి మందు రాశాను, గిన్నెలు తోమాను. క్షమించమని మాత్రం అడగలేదు.

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. ఏజెంట్ అడిగే ప్రతి లైనూ చదివిగానీ సరే అనొద్దంటాను. ముసలి చాదస్తం అని వెనకాల నవ్వుకుంటారని తెలుసు. ముదీర్ మాత్రం కొత్తగా చేరిన ప్రతివాడికీ నన్ను చూపించి, బస్సులోంచి సర్వర్‌ని కాపాడిన మొనగాడు ఇతనే అంటాడు. నేను తల వంచుకుని వినయంగా నవ్వుతాను. అసలు సంగతి రాయడం ఇదే మొదటిసారి. మా ముదీర్‌కి తెలుగు రాదన్న ధైర్యంతోనే రాశాను. చూశారా, ఆ ఖహ్వా తాగిన కుర్రాడు ఇంకా ఎక్కడికీ పోలేదు.