కొల్లేటి ఊళ్ళో రెండు జెండాలు, ఒక పడవ గెడ

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. కొల్లేరుకి అందరూ కొంగల్ని చూడ్డానికి వెళతారు. నేను వెళ్ళింది జెండా కోసం. ఎవరు చదువుతారులే అనిపించింది. అయినా ఆగస్టు పదిహేనున అటు వెళ్ళాలనుకునేవాళ్ళు ఒకరిద్దరైనా ఉండకపోరు.

శౌరయ్యగారు మిలిటరీ నుంచి వచ్చిన కొత్తలో తాడేపల్లిగూడెంలో నా సైకిల్ షాపు పక్కింట్లో అద్దెకుండేవారు. తర్వాత సొంతూరు వెళ్ళిపోయారు, మండవల్లి అవతల చేపల చెరువుల మధ్యకి. ఈ వేసవిలో ఆయన భార్య మరియమ్మగారు పోయారు. "పండక్కి రండి, ఒక్కణ్ణే ఉన్నాను" అని ఫోన్ చేశారు.

ఏలూరులో తెల్లవారుజామున కైకలూరు బస్సెక్కితే గంటన్నర, టికెట్టు వంద లోపే. బాతుల మంద రోడ్డుకి అడ్డం వస్తే ఇంకో పావుగంట. నా చిన్నప్పుడు ఈ దారంతా పడవ మీదే. ఆ పడవవాడి అబద్ధాలు వినడానికే రెండోసారి ఎక్కేవాళ్ళం. సరే, అది వేరే కథ. కైకలూరులో షేర్ ఆటో ఎక్కాను.

"గుడికాండీ, జెండాకాండీ?" అన్నాడు డ్రైవరు.

"రెండింటికీనయ్యా."

"అయితే ఒక చోటే దిగండి."

ఆ రోజు స్వాతంత్ర్య దినమే కాదు, క్యాథలిక్కులకు మరియమాత మోక్షారోపణ పండుగ కూడా. గుడి, అంటే వాళ్ళ చర్చి, ముందున్నది ఒకటే స్తంభం. తొమ్మిది రోజుల ముందే దాని మీద మరియమాత నీలం జెండా ఎక్కుతుంది. పదిహేనో తేదీ పొద్దున దాన్ని దించితేగాని జాతీయ జెండాకి చోటుండదు. ఆ దించడం గురించే శౌరయ్యగారికీ మరియమ్మగారికీ ఏటా పోట్లాటే. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు విన్నదింకా చెవుల్లోనే ఉంది.

"ఏవండీ, అమ్మ పండగనాడే అమ్మ జెండా దింపేస్తారా?"

"దేశం జెండా ఎగిరే స్తంభం మీద ఇంకోటి ఉండకూడదే. రూలు."

ఆవిడ నీలం జెండాని చేపల పడవ గెడకి కట్టి, పట్టుకుని పక్కనే నిలబడింది.

"ఎత్తు తగ్గించు!"

"తగ్గించాను కదండీ. మీ దేశానికేం కాదులెండి."

"మా దేశమేంటే, నీది కాదా?"

"నాది కాబట్టే తగ్గించాను."

ఈసారి పూజ అయి, నీలం జెండా దించాక ఫాదర్ గారు మెల్లిగా అన్నారు, "నీలం జెండా మడిచి లోపల పెట్టేద్దామాండీ, శౌరయ్యగారూ?" శౌరయ్యగారు ఇన్నేళ్ళూ తానే లాగిన జెండా తాడు కొస తీసి బడి టీచరమ్మ చేతిలో పెట్టారు.

"మీరుండగా నేనాండీ?"

"లాగండమ్మా. నాకు వేరే పనుంది."

వెళ్ళి, గెడకి నీలం జెండా కట్టి, మరియమ్మగారు నిలబడే చోటే నిలబడ్డారు. మూడు రంగులు విచ్చుకుని పూలు రాలాయి. అందరూ జనగణమన పాడారు. సెల్యూట్ ఎలా కొట్టాలో ఆ ఊరందరికీ నేర్పిన మనిషి ఈసారి సెల్యూట్ చెయ్యలేదు. రెండు చేతులూ గెడ మీదే ఉన్నాయి. ఎత్తు మాత్రం తగ్గించే పట్టుకున్నారు.

మతం ముందా, దేశం ముందా అని టీవీలో పెద్దలు వాదించుకుంటుంటే నాకు వీళ్ళిద్దరే గుర్తొస్తారు. ఏటా పోట్లాడుకున్నారు, ఏటా పక్కపక్కనే నిలబడ్డారు.

వెళ్ళేవాళ్ళు కైకలూరులోనే టిఫిన్ చేసెయ్యండి. పండగనాడు ఆ ఊళ్ళో హోటల్ తెరవరు.

చాక్లెట్లు పంచడం అయ్యాక చేపల పడవవాడు వచ్చి, చెరువులో పనుందండీ అని తన గెడ తీసుకుపోయాడు.