బండి వచ్చింది, సీటు రాలేదు

మొన్న ఆదివారం పొద్దున కుప్పంలో మా ఇంటి ముందు మా అల్లుడు కారు వెనక డోరు తెరిచి, సగం మనిషి లోపల, సగం మనిషి బయట ఉండి చెమటలు కక్కుతున్నాడు. మా మనవరాలికి కొన్న పసిపిల్లల సీటును కారు సీటుకు బిగించాలి. సీటుతో వచ్చిన పుస్తకం ఒక చేతిలో ఉంది, వీడియో చూపించే ఫోను ఇంకో చేతిలో ఉంది, బిగించడానికి మూడో చెయ్యి లేదు పాపం. నేను గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. అల్లుడి పనిలో అత్త వేలు పెట్టకూడదన్న ఇంగితం నాకూ ఉంది కాబట్టి నోరు మూసుకుని చూస్తున్నాను. చాలాసేపటికి లోపలెక్కడో టక్కుమంది. ఆయన మొహం వెలిగింది. "లాక్ అయింది అత్తా" అన్నాడు. అంతే, నా చేతులు నా మాట వినలేదు. చాట పక్కన పెట్టి వెళ్ళి, ఆ సీటును రెండు చేతులా పట్టుకుని, కారుకు ఒక కాలు తన్నిపెట్టి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి పీకాను. సీటు రాలేదు, కారు మొత్తం ఊగింది. అల్లుడు మర్యాదస్తుడు, బిత్తరపోయి పుస్తకం పేజీలు మళ్ళీ తిప్పాడు. మా అమ్మాయే లోపలి నుంచి, "ఆమెకది అలవాటు, బస్సులో కూడా సీటు పీకి చూసి గానీ కూర్చోదు" అని నా పరువు తీసింది.

నిజమే, దాచేదేముంది. బస్సులోనే కాదు, పెళ్ళిళ్ళకు పోయే అద్దె వ్యాన్లలో, చివరికి ఒకసారి సినిమా హాల్లో కూడా పీకి చూశాను. కాకపోతే ఈ అలవాటు నాది కాదు. మా మేనత్తది. ఆమె దగ్గర నేర్చుకున్న పాఠాల్లో నేను ఒక్కరోజు కూడా మరిచిపోనిది ఇదొక్కటే.

మాది పుంగనూరు నుంచి సోమల పోయే దారిలో లోపలికున్న ఒక మెట్ట పల్లె. ఊళ్ళో బడి ఏడో తరగతితో ఆగిపోయేది. పై చదువుకు పుంగనూరు పోవాలి. బస్సు ఉండేది గానీ, అది బడి గంట కొట్టాక ఎప్పుడో వచ్చేది. మగపిల్లలు సైకిళ్ళు తొక్కుకుంటూ పోయేవాళ్ళు. ఆడపిల్లలు ఏడు అవగానే మేకల వెనక పోయేవాళ్ళు. ఇది ఎవరూ పెట్టిన రూలు కాదు, ఎవరూ మార్చాలనుకున్నదీ కాదు. అలాంటి ఊళ్ళో మా మామ, అంటే మేనత్త భర్త, ముచ్చటపడి ఒక పాత మారుతి వ్యాను కొన్నాడు. కొన్న వారానికే దాన్ని తీసుకెళ్ళి మా చేలో బావి గోడకు గుద్ది, ఇంక జన్మలో స్టీరింగు ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. కొన్న బండి ఊరికే నిలబడితే మా అత్తకు అన్నం సయించదు. తానే నేర్చుకుంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, సీటు మీద దిండు వేసుకుని కూర్చుని ఆమె బండి తోలుతుంటే మొదట్లో ఊరు ఊరంతా నవ్వింది. తర్వాత అదే ఊరు చెయ్యి అడ్డం పెట్టి ఆపి ఎక్కింది.

ఆ బండికి రెండు కాపురాలు. తెల్లారకముందే వెనక సీట్లు పీకి ఇంట్లో పడేసి, టమోటా క్రేట్లు నింపుకుని మదనపల్లె మండీకి పోవాలి. అక్కడ దించి తిరిగొచ్చి, సీట్లు మళ్ళీ పెట్టి, నాతో కలిపి ఊళ్ళో ఆడపిల్లల్ని అయిదారుగురిని ఎక్కించుకుని పుంగనూరు హైస్కూలుకు పోవాలి. ఒక్క టమోటాలతో బండి గడవదు, కాపు అయిపోతే మూలన పడుతుంది. ఒక్క పిల్లలతోనూ గడవదు. రెండూ ఉంటేనే బండి ఉంటుంది, బండి ఉంటేనే మాకు బడి ఉంటుంది. సీట్లు బయట ఉన్నంతసేపూ అవే అత్త వాళ్ళింటి సోఫాలు. పెద్ద మనుషులొస్తే వాటి మీదే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేది. బండి తిరిగి రాగానే, "లేయప్పా, బడికి టైమయింది" అని వాళ్ళను లేపేసి సీటు ఎత్తుకుపోయేది. మా లంగాలకు ఎప్పుడూ టమోటా గింజలు అంటుకుని ఉండేవి. బడిలో మమ్మల్ని చారు బ్యాచ్ అని పిలిచేవాళ్ళు. పిలిస్తే పిలిచారు, లెక్కల్లో మాత్రం మాకే మార్కులు ఎక్కువ వచ్చేవి.

సీటు అడుగున నాలుగు బోల్టులుండేవి. రోజూ వాటిని విప్పడం, బిగించడం మామ పని. మా మామ బంగారంలాంటి మనిషి గానీ, ఆయన చేతికి వస్తువు ఇస్తే అది మళ్ళీ కనబడదు. ఒకరోజు స్పానరు కనబడలేదు. "ఒక్క పూటకు ఏమవతాదిలే" అని సీటును ఊరికే పెట్టేశాడు. అత్తకు చెప్పలేదు. పుంగనూరు దగ్గర మలుపులో గొర్రెల మంద అడ్డమొచ్చింది. అత్త బ్రేకు తొక్కింది. బండి ఆగింది, మేము ఆగలేదు. మాతో పాటు సీటంతా లేచి ముందుకు తూలి, మేమందరం ఒకరి మీద ఒకరం పడ్డాము. గొర్రెలకు ఏమీ కాలేదు. మా పక్కింటి పిల్లకు మాత్రం పెదవి చిట్లి, రవికె ముందంతా రక్తమయింది. అది టమోటా రసమే అనుకుని మొదట ఎవరమూ భయపడలేదు. అత్త వెనక్కు తిరిగి చూసి, తన కొంగు చింపి ఆ పెదవికి అదిమి పెట్టింది.

ఆ పిల్ల తాత ఊళ్ళో పెద్దమనిషి. ఆయన మాటకు ఎంత బరువో, ఆయన ఎద్దులకు అంత పేరు. బండలాగుడు పందేలకు పోతే ఆ జత గెలవకుండా ఇంటికి వచ్చేది కాదు. సాయంత్రం నలుగురిలో కూర్చుని ఆయన తీర్పు చెప్పేశాడు, సీటు నిలవని బండిలో పిల్లల్ని పంపేది లేదని. ఆయన మనవరాలు మానేసింది. ఆమె మానేస్తే మిగిలినవాళ్ళూ మానేశారు. మా నాయన అత్తకు సొంత తమ్ముడు, అక్కంటే గుండె దడ ఉన్న మనిషి. ఆయన కూడా పెద్దాయన ముందు నోరెత్తలేక, మరుసటి రోజు నా చేతికి మేకల కర్ర ఇచ్చాడు. అప్పుడు నేను తొమ్మిదిలో ఉన్నాను. గట్టు మీద కూర్చుని, అటుగా పోయే సైకిళ్ళను చూసి వెక్కి వెక్కి ఏడ్చాను. మేకలు కూడా నన్ను లెక్క చేయక అలసంద చేలో పడ్డాయి.

అత్త మా ఇంటికొచ్చి నాతో ఒక్క మాట చెప్పింది. "పుస్తకాలు అటక మీదికి ఎక్కించొద్దు. సంచిలోనే ఉండనీ."

మదనపల్లె మండీలో లారీలు నింపుతారు కదా, ఆ లారీల వెనక తలుపును పట్టుకుని ఉండే కొక్కేన్ని ఆమె అప్పటిదాకా వందసార్లు చూసి ఉంటుంది. ఆ వారం మాత్రం నిలబడి చూసింది. లోపలి నుంచి సరుకు ఎంత బరువుగా తోస్తే కొక్కెం అంత బిగుస్తుంది. తియ్యాలంటే చిన్న పిడి పైకి ఎత్తితే చాలు. స్పానరు అక్కర్లేదు, మామ జ్ఞాపకశక్తి అక్కర్లేదు. లారీ క్లీనరు చేత ఆ తలుపు తీయించి, వేయించి, తీయించి, వేయించి, వాడు టీకి పోతున్నానని చెప్పి తప్పించుకునేదాకా చూసింది. అక్కడి నుంచి నేరుగా వెల్డింగు షాపుకు పోయి, వ్యాను నేలకు రెండు కడ్డీలు, సీటు కాళ్ళకు కొక్కేలు చేయించింది. సీటును కడ్డీల మీద పెట్టి కాలితో తొక్కితే కొక్కెం పడి టక్కుమనాలి. టక్కుమంది కూడా. సంబరంగా సీటు మీద ఇసుక మూటలు పెట్టి మా ఊరి గతుకుల రోడ్డు మీదికి తెచ్చింది. మొదటి గుంతకే కొక్కెం ఎగిరింది, సీటు బోర్లా పడింది, బండి నిండా ఇసుక. షాపతను తన పనికి పేరు పెట్టొద్దన్నాడు. పేరు పెట్టడం లేదు, స్ప్రింగు పెట్టమంటున్నానని అత్త అంది. ఇద్దరూ పొద్దుగూకేదాకా పోట్లాడుకుని, కొక్కెం ఎగరకుండా దాన్ని కిందికి లాగి పట్టుకునే గట్టి స్ప్రింగు ఒకటి పెట్టారు. ఈసారి ఇసుకకు బదులు మామను కూర్చోబెట్టింది. ఊరి గుంతలన్నీ వెతికి వెతికి తోలింది. మామ కళ్ళు గట్టిగా మూసుకుని వెళ్ళిన చోటికల్లా వెళ్ళి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే తిరిగొచ్చాడు.

ఇంటింటికీ వెళ్ళి, వచ్చి చూడమని చెప్పింది. ఎవరూ రాలేదు. పెద్దాయన వస్తే వస్తామన్నారు. ఆయన రాడు. అప్పుడు మా అత్త చేసిన పని ఇంకొకరికి తోచదు. పెద్దాయన ఇంటికి పోయింది, బతిమాలడానికి కాదు. కొట్టంలో ఎద్దుల దగ్గర ఆయన ఉంటే, వాకిట్లోనే నిలబడి వరస కలిపి అడిగింది.

"మామా, నీ ఎద్దుల్ని ఒక్క పూటకు ఇయ్యి. నా సీటుకు మోకు కట్టి లాగిస్తా. సీటు ఊడొస్తే బండి అమ్మేసి నేనూ మేకలు తోలుకుంటా. ఊడి రాకుంటే, బిడ్డల్ని పంపాల."

ఆయన ఎద్దు గంగడోలు నిమురుతూ ఆలోచించాడు. "నా ఎద్దులు లాగితే నీ బండి తునకలై పోతాదమ్మా" అన్నాడు. అయితే కానీలే అంది అత్త. ఎద్దుల మీద పందెం అంటే కాదనడం ఆయన ఒంట్లో లేదు.

ఆ ఆదివారం ఊరి బయట కళ్ళాల దగ్గర జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. సోమల నుంచి కూడా కొందరు వచ్చారు, ఎద్దుల పేరు అలాంటిది. అత్త సీటును మొహం వెనక డోరు వైపు ఉండేట్టు తిప్పి బిగించింది. ముందుకు తూలిన సీటును ముందుకే లాగాలి, వెనక్కు లాగితే అది పరీక్ష కాదు అని తనే చెప్పింది. హ్యాండ్ బ్రేకు వేసింది. చక్రాలకు రాళ్ళు పెట్టించింది. కొక్కేలను కాలితో తొక్కింది. టక్, టక్. అంత జనంలోనూ ఆ చప్పుడు నాకు వినబడింది. పెద్దాయన సీటు చుట్టూ మోకును తన చేతులతోనే చుట్టి, డోరులో నుంచి బయటికి తీసి కాడికి కట్టాడు. నేను బడికి పోవడమా, మేకల వెనక పోవడమా అన్నది ఆ మోకు చివర ఉందని నాకు తెలుసు.

పెద్దాయన ఎద్దుల వీపు మీద చెయ్యి వేసి అదిలించాడు. మోకు బిగిసింది. ఎద్దులు మోకాళ్ళు వంచి, మెడలు దించి ఊపందుకున్నాయి. బండి మూలిగింది. సీటు ఇనుము కిర్రుమంది. అయిపోయిందనుకుని నేను కళ్ళు మూసుకున్నాను. పక్క నుంచి మా మామ గొంతు, తనలో తాను చెప్పుకుంటున్నట్టు వినిపించింది.

"బండొస్తాండాదే. సీటు రాలే."

కళ్ళు తెరిచాను. చక్రాల కింది రాళ్ళు దాటుకుని, బ్రేకు వేసిన చక్రాలు నేలను గీరుకుంటూ, వ్యాను వ్యానంతా ఎద్దుల వెనక వస్తోంది. సీటు పెట్టిన చోట పెట్టినట్టే ఉంది. కళ్ళం ఈ చివర నుంచి ఆ చివరకు ఎద్దులు బండిని ఈడ్చుకుపోయాయి. జనం ఈలలు, కేకలు, తువ్వాళ్ళు గాల్లోకి. మా నాయన అందరికంటే ముందు పరిగెత్తాడు, మేకల కర్ర ఎక్కడ పడేశాడో ఆయనకే తెలియదు. పెద్దాయన ఎద్దుల్ని ఆపి, బండి లోపలికి ఎక్కి, ఆ సీటు మీద కూర్చున్నాడు. రెండు సార్లు ఎగిరెగిరి కూర్చున్నాడు. తర్వాత కిందికి దిగి మా అత్త ముందు నిలబడ్డాడు.

"నా ఎద్దులూ ఓడిపోలేదు, నీ సీటూ ఓడిపోలేదమ్మా. బిడ్డల్ని ఎక్కించుకో."

మా అత్త అప్పుడు ఏడ్చింది. సిగ్గుపడకుండా, కొంగు అడ్డం పెట్టుకోకుండా, ఊరందరి ముందూ నవ్వుతూ ఏడ్చింది. నాకు ఇప్పటికీ గెలుపు అంటే ఆ మొహమే గుర్తొస్తుంది.

మర్నాడు పొద్దున బండి దగ్గర పాత పిల్లలం అందరం ఉన్నాం. పక్క పల్లెల నుంచి ఇంకా కొందరు వచ్చారు. పెదవి చిట్లిన పిల్ల అందరికంటే ముందు వచ్చి కిటికీ పక్కన చోటు పట్టుకుంది. అత్త తాళం తిప్పలేదు. వెనక్కు తిరిగి, "ముందు దిగి, సీటు పీకి సూడండి. తర్వాతే బండి కదిలేది" అంది. దిగి, అందరం కలిసి పీకాము. రాలేదు. అప్పటి నుంచి పదో తరగతి అయ్యేదాకా, ఒక్క రోజు కూడా పీకి చూడకుండా మేము బడికి పోలేదు. కళ్ళంలో చక్రాలు గీసిన చార పెద్ద వాన పడేదాకా అలాగే ఉండింది. చుట్టాలొస్తే తీసుకెళ్ళి చూపించేవాళ్ళం. ఆ సీట్లో కూర్చుని వెళ్ళినవాళ్ళలో పెదవి చిట్లిన పిల్ల నిమ్మనపల్లెలో నర్సు అయింది, నేను కుప్పంలో లెక్కల టీచర్నయ్యాను. మిగిలినవాళ్ళూ పది పాసై తలా ఒక దారి పట్టారు. మా ఊళ్ళో తర్వాత పుట్టిన ఆడపిల్లలకు ఏడుతో ఆగిపోవడం అంటే ఏమిటో విడమరిచి చెప్పాల్సి వస్తోంది.

మొన్న ఆదివారం మేం బయలుదేరింది పుంగనూరుకే, పసిదాన్ని మా అత్తకు చూపించడానికి. ఆమె ఇప్పుడు అక్కడ చిన్న కొడుకు దగ్గర ఉంటోంది. నడుం వంగింది, చేతికర్ర వచ్చింది, కోపం మాత్రం తగ్గలేదు. మా అమ్మాయి బిడ్డను ఎత్తుకుని ఎదురెళితే, దాన్ని ఒక చూపు చూసి పక్కకు జరగమంది. నేరుగా కారు దగ్గరికి పోయింది. చేతికర్ర మా అల్లుడి చేతికిచ్చి, ఆ చిన్న సీటును పట్టుకుని, పళ్ళు బిగించి పీకింది. కారు ఊగింది. మా అత్త నడుం పట్టుకుని మెల్లగా నిటారుగా నిలబడి, అల్లుడి వైపు తిరిగి, "బండి కదిలింది నాయనా, సీటు కదల్లే. ఇంక బిడ్డని కూర్చోబెట్టుకో" అంది. ఇన్నేళ్ళుగా కాలం ఆ ఎద్దుల్లాగే మెడ వంచి లాగుతూనే ఉంది. బండితో పాటు మేమందరం చాలా దూరమే వచ్చేశాం గానీ, ఆమె కూర్చోబెట్టిన సీట్లో నుంచి మాత్రం ఒక్కరమూ జారిపోలేదు.